చప్పుడు చెయ్యని కెమెరా

పంజగుట్టలో మెట్రో స్తంభాల నీడ పడే ఒక పాత కాంప్లెక్సులో, రెండో అంతస్తులో నాకో షాపుంది. పాత కెమెరాలు కొంటాను, బాగు చేస్తాను, అమ్ముతాను. మా నాన్న కాకినాడలో స్టూడియో నడిపేవాడు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఇన్నేళ్ళలో నా షాపు మెట్లెక్కిన వాళ్ళలో కెమెరా అంటే ఏంటో తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. మిగతా వాళ్ళంతా వెర్రిబాగులవాళ్ళు. ఆ మాట మొహం మీదే అనేస్తానని నాకు చుట్టుపక్కల పేరు. ఆ పేరు చెడగొట్టుకునే ఉద్దేశం నాకెప్పుడూ లేదు.

మైత్రీవనంలో ఏదో కోర్సు కోసం ఊరి నుంచి దిగి, క్లాసు ఎగ్గొట్టి, ఫోన్లో పది వీడియోలు చూసొచ్చి నాకు లెన్సుల మీద పాఠం చెప్పే కుర్రాళ్ళు రోజూ తగులుతారు. నా చేతిలో స్క్రూడ్రైవర్ చూస్తూ కూడా "సార్ లేరా ఆంటీ?" అంటారు. సార్ పోయి తొమ్మిదేళ్ళయింది. ఉన్నప్పుడు మాత్రం ఏం వెలగబెట్టాడు కనక! ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా. కెమెరాలో బ్యాటరీ ఎటు తిప్పి పెట్టాలో చచ్చేదాకా నేర్చుకోలేదు.

పెళ్ళి ఫొటోగ్రాఫర్లయితే మరీను. మెడలో ఎంత బరువు వేలాడితే అంత గొప్పనుకునే జాతి. మొన్నీమధ్య వీర్రాజు అని ఒకడొచ్చి పాడైపోయిన పెద్ద లెన్సు ఏదైనా ఉందా అని అడిగాడు. లోపల గాజు లేకపోయినా ఫర్వాలేదట, గొట్టం ఉంటే చాలట. పెళ్ళివాళ్ళకి దూరం నుంచి కనపడాలట. వాణ్ణి ప్లంబింగు సామాన్ల కొట్టుకి వెళ్ళమన్నాను.

ఫౌజియా కూడా పెళ్ళి ఫొటోలే తీస్తుంది. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి. ఇల్లు బోరబండలో. ముస్లింల పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు ఫొటోలు తీసే పని ఆమెది. ఆ వైపు మగ ఫొటోగ్రాఫర్లని రానివ్వరు కాబట్టి ఈమెని పిలుస్తారని తెలుసు. అంతకు మించి నేనెప్పుడూ అడగలేదు, అడగాలనీ అనిపించలేదు. ఆమె కెమెరాని రెండుసార్లు బాగు చేశాను. మూడోసారి తెచ్చినప్పుడు బోర్డు కాలిపోయి ఉంది. దీన్ని తీసుకెళ్ళి ఎక్కడైనా పాతిపెట్టుకోమన్నాను.

ఆమె ముఖం వాడిపోయింది. ఆదివారం ఎర్రగడ్డలో మాంఝా ఉందని చెప్పింది. మాంఝా అంటే పెళ్ళికూతురికి పసుపు బట్టలు కట్టి నలుగు పెట్టే వేడుక, పూర్తిగా ఆడవాళ్ళదే. ఆ ఇంట్లో రెండేళ్ళ కింద పెద్ద మనవరాలి పెళ్ళి ఈమే తీసిందట. ఇప్పుడు రెండో మనవరాలిది. ఇది కాగానే వరసగా ఆ కుటుంబంలోనే ఇంకో మూడు పెళ్ళిళ్ళున్నాయి. ఆదివారం పని నచ్చితే అవన్నీ తనవే, ఈ ఏడాదికి ఇల్లు గడిచిపోతుంది. భర్త దానిష్‌కి నడుం పట్టేసి ఆరు నెలలుగా మంచం మీదున్నాడు. అందుకని ఇప్పుడే ఒక కెమెరా కావాలి. ఒకటే కొనగలదు.

అమ్మకానికి అప్పుడు నా దగ్గర ఆమెకి తగ్గవి రెండున్నాయి. ఒకటి పద్నాలుగేళ్ళ నాటి డీఎస్ఎల్ఆర్. ఇటుకంత బరువు, మూలల్లో రంగు పోయింది, బటన్ నొక్కితే పక్క షాపులో టైలర్ తలెత్తి చూసేంత చప్పుడు. రెండోది జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరా. నాలుగేళ్ళది, మచ్చ లేదు. తక్కువ వెలుగులో కూడా అద్దంలా తీస్తుంది. దాని లెన్సు ముందు ఆ పాతదాన్ని పెట్టడమే అవమానం.

ఫౌజియా తిన్నగా వెళ్ళి ఆ ఇటుకని తీసుకుంది. కంటికి పెట్టుకోలేదు, చెవి దగ్గర పెట్టుకుని నొక్కింది. టక్ మంది. ఇంకోసారి నొక్కి నవ్వింది.

"గిది మంచిగుంది మేడం."

నాకు ఒళ్ళు మండింది. చెవితో కెమెరా కొనేవాళ్ళని చూడడం అదే మొదటిసారి. ఆ కాంపాక్ట్ తీసి ఆమె చేతిలో పెట్టి దాని గుణగణాలన్నీ ఏకరువు పెట్టాను. ఆమె దాన్ని వేలి కొసలతో పట్టుకుని, చిన్నగుంది మేడం, మా ఫంక్షన్లల్ల చిన్నది నడ్వదు అంది. ఎందుకు నడవదని అడిగాను కానీ జవాబు కోసం ఆగలేదు. ఆ జవాబు నాకు తెలుసు మరి, వీర్రాజు చెప్పిందే కదా! పెళ్ళివాళ్ళ ముందు ఫోజు కొట్టడానికి పెద్దది కావాలి, అంతేగా అన్నాను.

"గట్ల కాదు మేడం, చప్పుడు..." అని ఏదో మొదలుపెట్టింది.

చప్పుడు కావాలంటే బ్యాండు మేళం పెట్టుకోమని చెప్పి, వెనకున్న కస్టమర్ వైపు తిరిగాను. కాసేపటికి ఆమె బల్ల మీద అడ్వాన్సు పెట్టి, పెద్దదే తీసుకుంటాను, లోపల శుభ్రం చేసి ఉంచండి, ఆదివారం పొద్దున వచ్చి పట్టుకెళ్తానని చెప్పి మెట్లు దిగిపోయింది.

శనివారం ఆ డీఎస్ఎల్ఆర్ విప్పి శుభ్రం చేశాను. చెప్పకేం, బ్రహ్మాండంగా పనిచేస్తోంది. అదే నాకు ఇంకా మంట. నా షాపులోంచి తప్పు కెమెరా బయటికి వెళ్తోందంటే అన్నం సయించదు నాకు. కొనేవాళ్ళ డబ్బే కావచ్చు, వాళ్ళ ఇష్టమే కావచ్చు, తప్పు తప్పే. చిన్నపిల్ల మందు తాగనంటే ముక్కు మూసి పొయ్యమూ? అదే చేశాను.

ఆదివారం పొద్దున ఫౌజియా రాగానే, షట్టర్ ఇరుక్కుపోయింది, పార్టు ఢిల్లీ నుంచి రావాలి అని చెప్పాను. కళ్ళార్పకుండా చెప్పాను. ఆ షట్టర్ నిక్షేపంలా ఉంది, నా వెనక అల్మారాలోనే ఉంది.

ఆమె స్టూలు మీద కూలబడింది. ఫంక్షను ఇంకో మూడు గంటల్లో. అప్పుడు నేను దేవతలా కాంపాక్ట్ ముందు పెట్టి, ఇవాళ్టికి ఊరికే తీసుకెళ్ళు, పైసా ఇవ్వక్కర్లేదు, ఫొటోలు చూశాక ఏది కావాలో నువ్వే చెబుదువుగాని అన్నాను. ఆమె చాలాసేపు దాన్ని తాకలేదు. వేరే ఎవరి దగ్గరైనా అరువు దొరుకుతుందేమోనని రెండు ఫోన్లు చేసింది. దొరకలేదు. చివరికి చేతిలోకి తీసుకుంది.

బటన్లు చూపించాను. చెప్పింది చెప్పినట్టు పట్టుకోదు. జూమ్ నొక్కమంటే ఫ్లాష్ తెరుస్తుంది. ఇది ఆన్ అయిందా మేడం, పడిందా మేడం అని ప్రతిదానికీ ఒక ప్రశ్న. పడితే స్క్రీన్ మీద తెలుస్తుందని ఆరుసార్లు చెప్పాను. ఆరోసారి నా గొంతు ఎలా ఉందో నాకే తెలుసు. నాకెటూ ఆదివారం పనిలేదు, నేనూ వస్తాను, ఎక్కడైనా తడబడితే చెప్తాను అన్నాను. సాయం చెయ్యాలని కాదు. నా మాట నెగ్గడం నా కళ్ళతో చూడాలని.

పంజగుట్టలో మెట్రో ఎక్కి ఎర్రగడ్డలో దిగాం. రైతుబజారు జనంలోంచి దారి చేసుకుని ఫంక్షన్ హాలుకి నడిచాం. దారంతా నేనే మాట్లాడాను. ప్రపంచం ఎక్కడికో పోతుంటే కొందరు ఇంకా ఇటుకలు మోస్తున్నారని, తెలిసినవాళ్ళు చెబితే వినాలని, ఇలాంటివే.

ఆడవాళ్ళకి పై అంతస్తు ఇచ్చారు. మెట్ల చివర మందపాటి తెర, తెర ముందు కుర్చీలో పెళ్ళికూతురి నాయనమ్మ దిల్షాద్ బేగం. డెబ్భై దాటిన మనిషి. ఒళ్ళో నీలం ప్లాస్టిక్ బుట్ట. లోపలికెళ్ళే ప్రతి ఆడమనిషీ ఫోను ఆ బుట్టలో వేసి, చీటీ తీసుకుని వెళ్తోంది. నాదీ అడిగింది. ఏంటీ చాదస్తం అని మనసులో విసుక్కుంటూనే ఇచ్చాను. తెర సందులోంచి లోపల పసుపు బట్టల్లో పెళ్ళికూతురు మెహ్రీన్ కనిపించింది. చుట్టూ యాభై అరవై మంది ఆడవాళ్ళు. బురఖాలన్నీ ఒక మూల కుప్పగా ఉన్నాయి. జుట్లు విరబోసుకుని, నగలు పెట్టుకుని, ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

ఫౌజియాని చూడగానే ముసలామె ముఖం విప్పారింది. రా బేటీ అంది. తర్వాత ఆమె చేతులు చూసి, కెమెరా ఏదని అడిగింది. ఫౌజియా సంచిలోంచి కాంపాక్ట్ తీసింది. ముసలామె దాన్ని చూసి, గిదేంది, ఫోనా అంది.

ఫౌజియా ఏదో చెప్పబోయింది. ఈ పిల్లకి చెప్పడం చేతకాదులే అని నేనే ముందుకొచ్చాను. మా షాపుదండీ, చాలా మంచి కెమెరా అన్నాను. నా గొంతు కొంచెం పెద్దది. లోపలి వాళ్ళు కూడా ఇటు తిరిగారు. అది చూసి నాకు ఇంకా ఊపొచ్చింది.

"ఇది అసలు చప్పుడే చెయ్యదండీ. అరచేతిలో దాచేసుకోవచ్చు. ఫొటో తీస్తున్నట్టు ఎవరికీ తెలియదు."

లోపల నవ్వులు ఆగిపోయాయి. తెరకి దగ్గరగా ఉన్న ఒకామె దుపట్టా తల మీదికి లాక్కుంది. పక్కామె లాక్కుంది. అటు పక్కామె వెనక్కి తిరిగి కూర్చుంది. చూస్తుండగానే ఆ గదిలో ముఖాలు లేకుండా పోయాయి. మెహ్రీన్‌కి ఎవరో అడ్డంగా నిలబడ్డారు. నాకేమీ అర్థం కాలేదు. ఏం జనంరా బాబూ, మంచి వస్తువు గురించి చెబితే బెదిరిపోతున్నారు అనుకున్నాను.

దిల్షాద్ బేగం నన్ను చూడలేదు. ఫౌజియానే చూస్తోంది.

"గీ చిన్నది నీ దగ్గర ఎన్ని దినాల సంది ఉన్నది? మా పెద్ద పోరి మాంఝాల సుత గిది తెచ్చినవా?"

"లేదు దాదీ, అల్లా కసమ్. ఇయ్యాల్నే తెచ్చిన." అంది ఫౌజియా.

ముసలామె అరచెయ్యి చాపింది. ఫౌజియా కాంపాక్ట్ ఇచ్చేసింది. అది ఫోన్లతో పాటు బుట్టలో పడింది. భోజనం చేసి వెళ్ళమని చెప్పిందామె, మర్యాదగానే. కానీ లోపల ఒకామె ఇంకొకామె చెవిలో ఏదో అంటోంది, ఆమె ఫౌజియా వైపు పైనుంచి కిందికి చూస్తోంది. రెండేళ్ళ కిందటి పెళ్ళిలో తనకి తెలియకుండా ఏం తీశారో అని ఒక్కొక్కరూ గుర్తు చేసుకుంటున్నట్టుంది.

ఫౌజియా నన్ను మెట్ల మలుపు దగ్గరికి తీసుకెళ్ళింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. మెల్లగా, నేను తనకి బటన్లు నేర్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"మేడం, పెద్ద కెమెరా చేతిలుంటే నేను యాడున్ననో అందరికి కనపడ్తది. టక్కుమంటే తీసిన అని తెలుస్తది. ఇష్టమున్నామె నవ్వుతది, లేనామె దుపట్టా అడ్డం పెట్టుకుంటది. ఎవరిది దొంగతనంగ తీయను, అందుకే నన్ను పిలుస్తరు. గంతే నా పని."

షాపులో ఆమె "చప్పుడు..." అన్నప్పుడు నేను బ్యాండు మేళం అన్నాను కదా. చప్పుడు లేకపోవడమే గొప్ప అని పద్నాలుగు రకాలుగా చెప్పాను కదా. సిగ్గేసింది. నాకు సిగ్గేసి ఎన్నేళ్ళయిందో కూడా గుర్తులేదు, దాన్ని ఎలా దిగమింగాలో కూడా తెలియలేదు.

వెనక్కి వెళ్ళి దిల్షాద్ బేగం ముందు నిలబడ్డాను. పెద్ద కెమెరా కొన్నది ఈమే, అడ్వాన్సు కూడా కట్టింది, అది నా షాపులో బాగానే ఉంది, పాడైందని నేను అబద్ధం చెప్పాను అన్నాను. లోపలి వాళ్ళకి వినపడేలాగే అన్నాను. నా గొంతు అంతకుముందు ఎంత పెద్దగా ఉందో అంతే ఉండేలా చూసుకున్నాను.

ముసలామె ఎందుకు చెప్పినవని అడిగింది.

ఈమెకేం తెలియదనుకున్నాను అన్నాను.

ఆమె కోపం కూడా పెట్టుకోలేదు నా మీద, అంతమాత్రం విలువ ఇవ్వదల్చుకోలేదేమో. పోయి తెమ్మని చెయ్యి ఊపింది, చీపురు తెమ్మని పనిమనిషికి చెప్పినట్టు. నా చీటీ తీసుకుని ఫోను కూడా ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

పరుగులాంటి నడకతో స్టేషనుకి వెళ్ళాను. యాభై ఎనిమిదేళ్ళ ఒళ్ళు, మోకాళ్ళ నొప్పులు. నాలుగు స్టేషన్లే, అయినా ఆ రైలు కదిలినట్టే అనిపించలేదు. అల్మారా తాళం తీసి ఆ ఇటుకని గుండెలకి అదుముకుని మళ్ళీ ఎర్రగడ్డ చేరేసరికి గంట దాటింది. ఫౌజియా అదే మెట్టు మీద కూర్చుని ఉంది. భోజనానికి వెళ్ళలేదు.

దిల్షాద్ బేగం కెమెరాని తనే తీసుకుని, తెర వైపు తిప్పి నొక్కింది. టక్ మంది. లోపల తలలు తిరిగాయి. ఇంకోసారి నొక్కింది. మళ్ళీ తిరిగాయి. అప్పుడు దాన్ని ఫౌజియా మెడలో తనే వేసి తెర ఎత్తింది. ఫౌజియా వెనకే నేనూ అడుగు వెయ్యబోతే తెర వదిలేసింది. పక్కన ఖాళీగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీ చూపించింది. కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళలో నన్ను బయట కూర్చోబెట్టినవాళ్ళు లేరు.

ఆ కుర్చీలోంచి నాకు లోపలిదంతా వినపడింది. ఇలాంటి ఫంక్షన్‌లో ఏడెనిమిది వందల ఫొటోలు తీస్తానని ఫౌజియా ఒకప్పుడు చెప్పింది. టక్ మనేది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఎవరో వద్దనే మాట. మళ్ళీ ఒక టక్. డోలక్ మొదలైంది, పాటలు మొదలయ్యాయి, నవ్వులు మాత్రం నేను మొదట విన్నంత పైకి లేవలేదు. పక్కన కూర్చున్న ముసలామె కూడా వింటోంది.

మూడు గంటలు దాటాక ఫౌజియా బయటికొచ్చింది. కెమెరాలోంచి మెమరీ కార్డు తీసి దిల్షాద్ బేగం చేతిలో పెట్టింది. అది వాళ్ళ పద్ధతట, ఫొటోలు ఆ ఇల్లు దాటకూడదు, ఏవి ప్రింటు చెయ్యాలో ఆ ఇంటి ఆడవాళ్ళే చూసి ఇస్తారు. ముసలామె దాన్ని దుపట్టా కొంగున ముడి వేసుకుంది. ఫౌజియా వచ్చే నెలలో ఉన్న తర్వాతి పెళ్ళి తేదీ గురించి మెల్లగా అడిగింది. ఖబర్ చేస్తం బేటీ అంది ఆమె, తల నిమురుతూ.

మెట్లు దిగుతుండగా, మంచిదే కదా, కబురు చేస్తామన్నారుగా అన్నాను.

"మేడం, పిలిచేటోళ్ళయితే తారీఖు చెప్తరు" అంది ఫౌజియా.

గేటు దగ్గర ఆగి ఫొటోల సంగతి చెప్పింది. కార్డు తీసేముందు లెక్క చూసుకుందట, మొత్తం అరవై రెండు. అందులో సగానికి పైగా దుపట్టాలే, ముఖాలు తక్కువ. టక్కు మనగానే పోయినసారి ఇటు తిరిగి ఫోజులిచ్చినవాళ్ళే ఈసారి అటు తిరిగారట. నేను ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను. ఈ కెమెరా నీకు ఊరికే ఇచ్చేస్తాను, అడ్వాన్సు కూడా వెనక్కిస్తాను అన్నాను. ఆమె వద్దంది. మిగతా డబ్బు సోమవారం తెస్తానంది. అంతలోనే గుర్తొచ్చినట్టు సంచిలో చెయ్యి పెట్టి, బుట్టలోంచి తెచ్చిన నా ఫోను, నా కాంపాక్ట్ తీసి ఇచ్చింది.

"పొద్దున దుకాణంల నేర్చుకుంటుంటే ఒకటి పడ్డది మేడం. పడ్డట్టు నాకు సుత తెల్వలే, రైల్ల చూస్తే కనపడ్డది. జర చూస్కోండి."

ఆన్ చేశాను. ఫొటోలో నేనున్నాను. బల్ల వెనక కూర్చుని, స్టూలు మీదున్న ఫౌజియా చేతుల వైపు చూస్తున్నాను. ఫొటో తీస్తున్నట్టు నాకు తెలియదు కాబట్టి ముఖం సర్దుకోలేదు. ఒక పెదవి మూల పైకి లేచి ఉంది. ముక్కు పుటాలు విచ్చుకుని ఉన్నాయి. కళ్ళు సగం మూసి, ఎదుటిది చెత్తకుప్పా మనిషా అని తేల్చుకోలేనట్టు చూస్తున్నాను. లెన్సు మాత్రం నేను చెప్పినంత మంచిదే. ఒక్క గీత వదల్లేదు.

"తీసెయ్ దీన్ని" అన్నాను.

ఫౌజియా ఆ పెద్ద కెమెరాని సంచిలో సర్దుకుని, సంచి భుజానికి వేసుకుంది. బోరబండ వైపు వెళ్ళే షేర్ ఆటోకి చెయ్యెత్తుతూ అంది.

"మీరే తీసేస్కోండి మేడం. బటన్లన్ని మీకే కదా తెల్సు."

ఆటో వెళ్ళిపోయింది. నేను ఆ గేటు దగ్గరే నిలబడి ఆ ఫొటోని పెద్దది చేసి చూశాను, మళ్ళీ చిన్నది చేసి చూశాను. ఇదే ముఖం వేరే ఎవరిదైనా అయి ఉంటే, ఏం చూసుకుని దీనికింత పొగరు అని మొహం మీదే అడిగేసేదాన్ని.